మెడలో తీగ

టక్. తర్వాత ఊం. బాగుంది. ముందు తలుపు పడింది, తర్వాత లిఫ్ట్ కదిలింది. కారిడార్ చివర ఉన్న ఆ లిఫ్ట్ నాది కాదు, దాని మంచిచెడ్డలతో నాకు పని లేదు, అయినా ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి చెవి అటే పడి ఉంది. వంటాయన ఎవరింటికి వెళ్ళినా ముందు పొయ్యి వైపు చూస్తాడు, నా బతుకూ అంతే. ఎదురుగా మూసిన తలుపు. దాని వెనక ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, మాలాంటి మెకానిక్కులను ఒక్కొక్కరినే పిలిచి, లిఫ్టుల గురించి ప్రశ్నలడుగుతున్నారు. వాళ్ళను మెప్పిస్తే లైసెన్స్ వస్తుంది. లైసెన్స్ ఉంటే నేను బాగుచేసిన లిఫ్ట్ కాగితం మీద నేనే సంతకం పెట్టుకోవచ్చు. ఇన్నేళ్ళూ చెయ్యి నాది, గ్రీజు నాది, సంతకం మాత్రం ఇంకొకడిది. ఆ ఇంకొకడు మెట్లెక్కి మిషన్ గది దాకా కూడా రాడు, కింద కారులో కూర్చుని "అంతా ఓకేనా?" అని అడిగి గీకేస్తాడు. పక్క కుర్చీలో కళ్ళజోడు మనిషి లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పెదాలు కదుపుతున్నాడు, మోకాలు ఆడిస్తున్నాడు. కుర్చీలన్నీ ఒకే ఇనుపబద్దకు బిగించి ఉన్నాయి కాబట్టి ఆయన వణుకు నాకూ అందుతోంది. ఊరికే వచ్చిన వణుకు, ఉంచుకున్నాను.

నాకు భయం లేదు. ఉండకూడదు. అడిగే ప్రశ్నలన్నీ నాకు వచ్చు. తాళ్ళు ఎంత అరిగితే మార్చాలి, కరెంటు పోతే బ్రేకు ఎలా పడుతుంది, తలుపు తెరిచి ఉంటే లిఫ్ట్ ఎందుకు కదలదు. ప్రతి అంతస్తు తలుపుకూ ఒక చిన్న మీట ఉంటుంది సార్, తలుపు పూర్తిగా పడితేనే అది కలుస్తుంది, అన్ని మీటలూ కలిస్తేనే లిఫ్ట్‌కు కదలమని ఆజ్ఞ వెళ్తుంది. టక్ తర్వాతే ఊం. మరి ఆ మీట పాడైతే? మిషన్ గదిలో పెట్టె తెరిచి, ఒక తీగ ముక్కతో ఆ దారిని కలుపుతాం సార్. అప్పుడు లిఫ్ట్ తలుపులన్నీ మూసే ఉన్నాయనుకుంటుంది. ఆ అబద్ధం మీద దాన్ని నడిపి, తప్పు ఎక్కడుందో పట్టుకుని, సరిచేసి, తీగ తీసేస్తాం. తీగ తీసేస్తాం. పొద్దున చేసింది అదే. తెల్లవారకముందే ఫోన్, కంటి ఆసుపత్రి లిఫ్ట్ ఆగిపోయింది, మూడో అంతస్తు తలుపు దగ్గరే ఏదో ఉంది, ఇంకో మెకానిక్‌కు జ్వరం. "మీరు రాకపోతే పేషెంట్లు మెట్లెక్కాలి మేడమ్" అన్నాడు వాచ్‌మన్. ఇవాళ నాకు పరీక్ష, రానని ఒక్క ముక్క అనొచ్చు. మగవాడు రానంటే పని ఉందంటారు, నేను రానంటే ఆడవాళ్ళతో ఇంతే అంటారు. అందుకే వెళ్ళాను. అమ్మ దోసిట్లో పెట్టి ఇచ్చిన మంచి బట్టలు సంచిలో వేసుకుని, పాత చొక్కా మీదే వెళ్ళాను. అక్కడే మిషన్ గదిలో బట్టలు మార్చుకుని, పనిముట్ల సంచి వాచ్‌మన్ బల్ల కింద పడేసి, ఇటు పరుగెత్తాను.

అమ్మ. ఇవాళ పొద్దున గుమ్మం దగ్గర ఆపింది. ఎప్పుడూ ఆపేదే, కాని ఆపడంలో తేడా ఉంది. మొదట్లో "ఎవరైనా అడిగితే ఆఫీసులో పని అని చెప్పు" అని ఆపేది. నేను ఇంటికి వచ్చి చేతులు కిరోసిన్‌తో కడుక్కుంటుంటే కిటికీ మూసేది, పక్కింటివాళ్ళు చూస్తారని. అన్నయ్య అయితే మరీ, "మా చెల్లెలు రోజూ పైకి పోతోంది" అని నవ్వించేవాడు. వచ్చిన చుట్టాలందరి ముందూ అదే జోకు, జోకుకు కూడా గ్రీజు పెట్టుకోవాలి కదరా అన్నయ్యా, అరిగిపోయింది. మరి ఇవాళ అమ్మ తన మెడలోని సన్నగొలుసు తీసి నా మెడలో వేసింది. "ముగ్గురు పెద్దవాళ్ళ ముందు కూర్చుంటావు, బోసి మెడతో ఏం బాగుంటుంది. మా అమ్మాయి లిఫ్ట్ ఇంజనీరని అందరికీ చెప్పేశాను, నా మాట పోనివ్వకు." ఇంజనీర్‌ను కాదమ్మా, మెకానిక్‌ని అంటే, "ఏదో ఒకటి, నాకు రెండూ ఒకటే" అంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆలస్యమవుతుందని మెట్లు దిగాను. ఇన్నేళ్ళ తర్వాత ఆమె నోటి నుంచి ఆ మాట రావడం, అది నేను ఆ పూట మోసుకెళ్ళడం, నా సంచి కంటే అదే బరువనిపించింది. ఇప్పుడు కూడా వేళ్ళు తెలియకుండానే దాని మీదకు వెళ్ళాయి. చల్లగా ఉంది, సన్నగా ఉంది, మెడ వెనక కాస్త ఒరుసుకుంటోంది.

మెడ వెనక ఒరుసుకుంటోంది.

ఆగు. మెడలో ఉండాల్సింది ఇది కాదు కదా. మెడలో ఉండాల్సింది తీగ. ఎర్రతీగ, రెండు చివర్లా ఇత్తడి పళ్ళున్న క్లిప్పులు, పనిలో ఉన్నంతసేపూ నా మెడలో దండలాగా ఉంటుంది. అది బాబాయ్ పెట్టిన నియమం. బాబాయ్ అంటే చుట్టరికం లేదు, నాకు పని నేర్పిన మేస్త్రి, ఎవరూ చేర్చుకోనప్పుడు "ఎత్తుకు భయపడదా? సరే, రేపటి నుంచి రమ్మను" అన్న మనిషి. "తీగకు రెండే ఇళ్ళమ్మాయ్. పెట్టెలో ఉండాలి, లేకపోతే నీ మెడలో ఉండాలి. జేబులో పెట్టావా, బల్ల మీద పెట్టావా, అది మర్చిపోయిన తీగే. పెట్టె మూత వేసే ముందు కళ్ళతో చూడకు, కళ్ళు అలిసిపోతాయి, చేత్తో మెడ తడుముకో. మెడలో తగిలిందా, లిఫ్ట్ సేఫ్. తగల్లేదా, మూత వెయ్యకు." అంతే. ఎన్నో మూతలు అలాగే వేశాను. పని అయిపోతుంది, ఎడమ చెయ్యి దానంతట అదే మెడ మీదకు వెళ్తుంది, తగులుతుంది, కుడి చెయ్యి మూత వేస్తుంది. మధ్యలో నా బుర్రకు పని లేదు. అదే ఆ నియమంలోని గొప్ప, బుర్ర ఎక్కడున్నా చెయ్యి చూసుకుంటుంది. పొద్దున కూడా చెయ్యి వెళ్ళింది. మెడలో తగిలింది. మూత వేశాను.

ఏది తగిలింది?

లేదు, పిచ్చి ఆలోచన. పరీక్ష ముందు పుట్టే పురుగు ఇది, దీన్ని నేను ఎరుగుదును. పోయినసారి ఇదే కారిడార్‌లో, ఇదే వరసలో కూర్చుని ఉండగా ఇలాగే తొలిచింది. పాత గోడౌన్‌లో సరుకుల లిఫ్ట్, దాని మిషన్ గదికి తాళం వేశానా లేదా, వేశానా లేదా. చివరికి లేచి పరుగెత్తాను. తాళం వేసే ఉంది. తీగ మెడలోనే ఉంది, చొక్కా లోపల, నేను మోసుకునే పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి తలుపు మూసేశారు. అన్నయ్యకు కొత్త జోకు దొరికింది, "తాడును చూసి పాము అని పరుగెత్తింది మా చెల్లెలు." బాబాయ్ ఒక్కడే నవ్వలేదు. "పోనీలేమ్మా, తాడును చూసి పామనుకుంటే పోయేది పరువు. పామును చూసి తాడనుకుంటే పోయేది వేరు" అన్నాడు. కాని ఆయనకేం, ఆయన లైసెన్స్ ఆయన గోడకు వేలాడుతోంది. నాకిది ఆఖరుసారి. వచ్చేసారికి వయసు దాటిపోతుంది, అప్పుడు బతుకంతా ఇంకొకడి సంతకం కిందే. ఒకసారి పరుగెత్తి నవ్వులపాలయ్యాను, రెండోసారి పరుగెత్తితే నన్ను చూసి నేనే నవ్వుకోవాలి. కూర్చో. కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చో.

టక్. ఊం. సరే, నెమ్మదిగా, వరసగా గుర్తుచేసుకుందాం. మిషన్ గది తలుపు తీశాను, పావురాల కంపు. పెట్టె తెరిచాను. మెడలోంచి ఎర్రతీగ తీసి రెండు క్లిప్పులూ పెట్టాను. లిఫ్ట్ కదిలింది, అంటే తప్పు తలుపుల దారిలోనే ఉంది. మూడో అంతస్తుకు దిగాను. మీట మొన మీద నల్లగా మసి, గరుకు కాగితంతో రుద్దాను, వదులైన స్క్రూ బిగించాను. గోడ పక్కన అప్పటికే ఒక ముసలాయన కూర్చున్నాడు, కంటికి పచ్చటి గుడ్డ. "ఎవరమ్మా అది, నర్సా?" అన్నాడు. "కాదు తాతగారూ, లిఫ్ట్ మెకానిక్‌ని" అన్నాను. "గొంతు ఆడగొంతులా ఉందే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇది ఇవాళే, ఈ నవ్వు నాకు స్పష్టంగా ఉంది. మళ్ళీ పైకి ఎక్కాను. టైమ్ చూసుకున్నాను, పరీక్షకు ఆలస్యమైపోతోంది. తర్వాత? తర్వాత తీగ తీశాను. రెండు వేళ్ళతో క్లిప్పు నొక్కడం, పళ్ళు వదలడం, మెడలో వేసుకోవడం, అన్నీ కనిపిస్తున్నాయి. కాని ఆ కనిపించే చేతికి పాత గడియారం ఉంది. ఆ గడియారం పాడై చాలా రోజులైంది. అది ఇవాళ్టి చెయ్యి కాదు. ఇంకో జ్ఞాపకం తీసి చూస్తున్నాను, అందులో కిటికీ బయట వాన. ఇవాళ వాన లేదు. తీగ తీసిన రోజులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి, వాటిలో ఇవాళ్టిది ఏదో నాకు దొరకడం లేదు. బట్టలు మార్చుకున్నప్పుడు మెడలోంచి తీగ తీసి సంచిలో వేసుకోవాలి కదా, తలమీదుగా చొక్కా లాగేటప్పుడు తీగ అడ్డం పడాలి కదా. ఎప్పుడూ అడ్డం పడుతుంది, క్లిప్పు పళ్ళు చెవికి గీసుకుంటాయి, తిట్టుకుంటాను. పొద్దున తిట్టుకోలేదు. చొక్కా సాఫీగా వచ్చేసింది. గొలుసు మాత్రం చెవి దగ్గర కాస్త చిక్కుకుంటే, అమ్మ వస్తువు తెగుతుందేమోనని మెల్లగా విడదీశాను.

గొలుసు చిక్కుకుంది. తీగ చిక్కుకోలేదు.

కాని లిఫ్ట్ నడిచింది కదా! మూత వేసే ముందు కిందికీ పైకీ నడిపి చూశాను, వెన్నలా నడిచింది. ఎంత తెలివితక్కువదాన్ని, తీగ ఉంటే నడవకేం, అది ఉన్నందుకే నడుస్తుంది. మీట బాగుపడినా నడుస్తుంది, బాగుపడకపోయినా నడుస్తుంది, తలుపు మూసినా నడుస్తుంది, తలుపు బార్లా తెరిచినా నడుస్తుంది. టక్ విన్నానా అంటే, మిషన్ గదిలో మోటారు మోతలో కింది తలుపు చప్పుడు ఎవరికి వినిపిస్తుంది. బాబాయ్‌తో పాటు పనిచేసిన మెకానిక్ ఒకాయన ఇలాగే మూత వేసి వెళ్ళి, ఎదురు హోటల్లో టీ తాగుతున్నాడట, గ్లాసు ఇంకా సగం ఉందట. అక్కడిదాకా చెప్పి బాబాయ్ ఆగిపోయేవాడు. ఆ తర్వాత ఏమైందని నేను ఎన్నిసార్లడిగినా, "ఆ తర్వాత ఆయన టీ తాగలేదమ్మాయ్" అనేవాడు. అప్పుడు అదొక పొడుపుకథలా ఉండేది, ఇప్పుడు అడగక్కర్లేకుండా అర్థమవుతోంది. కంటి ఆసుపత్రి అది. అక్కడికి వచ్చేవాళ్ళకు కళ్ళల్లో చుక్కలేసి కూర్చోబెడతారు, లోకమంతా పాలు ఒలికినట్టు మసకైపోతుంది, గోడ తడుముకుంటూ నడుస్తారు. లిఫ్ట్ తలుపు లాగి, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడతారు. మంచి లిఫ్ట్ అయితే ఎంతసేపైనా ఆగుతుంది, దానికి ఓపిక ఎక్కువ. అబద్ధం నమ్మిన లిఫ్ట్ ఆగదు. ఆ సమయంలో పై అంతస్తులో ఎవరో ఒకరు బటన్ నొక్కుతారు. ఎవరి తప్పూ ఉండదు, ఊరికే బటన్ నొక్కుతారు.

లోపలి నుంచి ఒకాయన మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు. పుస్తకం మనిషి ఆయన్ను పట్టుకుని "ఏం అడిగారు, ఏం అడిగారు?" అంటున్నాడు. "సేఫ్టీ అంతా సేఫ్టీయే అడుగుతున్నారండీ, పని ముగించే ముందు ఏం చూస్తావు అని." నాకు నవ్వొచ్చింది, అది నవ్వులా బయటికి రాలేదు. "తర్వాత మీరే" అన్నాడు గుమాస్తా నా వైపు చూసి. కారిడార్ చివర, లిఫ్ట్ పక్కన ఆయన బల్ల. మా ఫోన్లన్నీ ఆయన ముందు ట్రేలో పడుకుని ఉన్నాయి. తర్వాత నేనే. లోపలికి వెళ్తే ఎంతసేపు, మహా అయితే కాస్త సేపు. వచ్చాక ఫోన్ చేస్తే? ఇంతసేపూ ఏమీ కాలేదు కదా. కాలేదని ఎవరు చెప్పారు. నా ఫోన్ ఆపేసి ట్రేలో ఉంది, ఎవరు చేసినా నాకు తెలియదు, ఈపాటికి చేసి చేసి ఊరుకున్నారేమో. కాళ్ళు లేచాయి. నేను లేవమనలేదు, మెడ తడుముకునే చెయ్యిలాగే వాటంతట అవే లేచాయి.

"అన్నా, ఒక్క ఫోన్ చేసుకోవాలి. చాలా అర్జెంటు."

"ఫోన్ తీసుకుంటే వెళ్ళిపోయినట్టేనమ్మా. మళ్ళీ లోపలికి రానివ్వరు. తర్వాత మీదే కదా, కాస్త ఓపిక పట్టండి."

"అయితే మీరే చెయ్యండి, నంబరు అందులో ఉంది. కంటి ఆసుపత్రి వాచ్‌మన్ అని ఉంటుంది. లిఫ్ట్ మెయిన్ స్విచ్ ఆపెయ్యమనండి, అంతే."

"ఇంకొకళ్ళ ఫోన్ నేను తాకకూడదు. కావాలంటే లోపల సార్‌ని అడిగి..." అంటూ ఆయన నా మొహం చూశాడు. ఏం కనిపించిందో తెలియదు, గొంతు తగ్గించాడు. "అమ్మా, పోయినసారి కూడా మీరే కదా లేచి వెళ్ళిపోయింది? భయపడకండి. లోపల మంచివాళ్ళే."

భయం కాదన్నా అని చెప్పడానికి టైమ్ లేదు. ట్రేలో చెయ్యి పెట్టాను. అలా పెడుతున్నప్పుడు తెలిసింది, ఇది అయిపోయిందని, సంతకం, అమ్మ ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పిన మాట, అన్నీ ఈ ట్రేలో పెట్టి ఫోన్ తీసుకుంటున్నానని. పర్వాలేదు. తాడు అయితే బాగుండు. తాడే కావాలి నాకు, అన్నయ్య చచ్చేదాకా అదే జోకు వేసుకోనీ, పక్కన కూర్చుని నేనూ నవ్వుతాను. ఫోన్ ఆన్ అవడానికి ఏళ్ళు పట్టింది. మోగుతోంది. ఎత్తడేం. పొద్దస్తమానం ఫోన్ చెవికి అంటించుకుని తిరిగేవాడు, అవసరానికి ఎత్తడు. ఎత్తాడు.

"ఆఁ మేడమ్! మీకు నూరేళ్ళు, ఇప్పుడే మీ మాటే చెబుతున్నా ఇక్కడ అందరికీ. ఏం బాగుచేశారు మేడమ్ లిఫ్టు! ఇదివరకు తలుపు రెండుసార్లు విసిరి కొడితేగాని కదిలేది కాదు. ఇప్పుడు బటన్ నొక్కడమే ఆలస్యం, తలుపు పడిందా లేదా అని కూడా చూడటం లేదు..."

"వినండి. లిఫ్ట్..."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి మేడమ్. పెద్దావిడ, పాపం కళ్ళల్లో చుక్కలేశారు, ఎవరూ తోడు లేరు. లిఫ్ట్ ఎక్కించి వచ్చేస్తా."

"వద్దు! ఎక్కించొద్దు! మెయిన్ ఆపండి! వాచ్‌మన్ గారూ!"

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. నేను అరుస్తున్నాను, నా అరుపు అక్కడ బల్ల మీద ఎంత చిన్నగా వినిపిస్తోందో నాకు తెలుసు, ఆ హాలు నాకు తెలుసు, నీళ్ళ మిషన్ మోతా, పిల్లల గోలా తెలుసు. చెప్పుల చప్పుడు దూరంగా పోతోంది. "ఇటు అమ్మగారూ, ఇటు, నా చెయ్యి పట్టుకోండి." ఎవరిదో ముసలి గొంతు, "ఏం కనబడటం లేదు నాయనా, గడప ఉందా?" అంటోంది. "గడప లేదమ్మా, మెల్లగా రండి." నా వెనక గదిలోంచి నా నంబరు పిలుస్తున్నారు. గుమాస్తా ఏదో అంటున్నాడు. కళ్ళు మూసుకున్నాను, బాబాయ్ నేర్పినట్టే, లిఫ్ట్‌ను కళ్ళు మూసుకుని వినాలమ్మాయ్ అని. తలుపు కీచుమంది, తెరిచారు. ఇప్పుడు ఎక్కాలి, రెండు కాళ్ళూ లోపల పెట్టాలి, తలుపు పడాలి. టక్ రావాలి. ముందు టక్ రావాలి. అమ్మా, ముందు టక్ రావాలి.

ఊం.